స్విచ్చి వేసినవారి సంతకం



ఈ ప్రత్యేక సంచికకు మన కార్యాలయాల చరిత్ర మీద ఏదైనా రాసి పంపమని కార్యదర్శి గారు అడిగారు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ నోట్‌ఫైలు తప్ప మరేమీ రాయనివాణ్ణి. అయినా ఈ మధ్య మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతి నన్ను నలభై ఏళ్ళు వెనక్కి తీసుకుపోయింది. అందుకని ధైర్యం చేసి రాస్తున్నాను. తప్పులుంటే పెద్దలు మన్నించ ప్రార్థన.

దసరా సెలవులకు మనవరాలు బౌరంపేట్ వచ్చింది. గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో దానికి ఉద్యోగం. రాత్రి భోజనాల వేళ ఫోన్ మోగింది. లేచి వెళ్ళి లాప్‌టాప్ తెరిచింది, రెండు నిమిషాలు చూసింది, ఏదో నొక్కింది, తిరిగి వచ్చి పెరుగన్నం కలుపుకొంది.

"ఏమైంది బిడ్డా?" అన్నాను.

"ఏం లేదు తాతా. పైసలు కట్టేదానికి కొత్త పద్ధతి పెట్టినం. కొందరికి పనిచేస్తలేదు. ఫ్లాగ్ ఆఫ్ చేసిన. పాతది నడుస్తది. రేపు ఆఫీసుల చూసుకుంటం."

"రెండు నిమిషాలల్ల ప్రోగ్రామ్ మార్చినవా?"

"ప్రోగ్రామ్ ముట్టుకోనే లేదు తాతా. స్విచ్చి బంద్ చేసిన, అంతే."

ఆ మాట నన్ను పట్టుకొంది. మరునాడు పొద్దున చాయ్ తాగుతూ విడమరిచి చెప్పించుకొన్నాను. వినేకొద్దీ ఇది మనమందరం పెన్నుతో, గోందుతో, టైపు మిషన్‌తో చేసిన పనే కదా అనిపించింది.

ఇల్లు కదల్లేదు, చిరునామా మారింది

మా ఊరి సంగతితోనే మొదలుపెడతాను. 1978 ఆగస్టు 15న హైదరాబాద్ జిల్లాను విడదీసి కొత్త జిల్లా ఏర్పాటు చేశారు. అదే తర్వాత రంగారెడ్డి జిల్లా అయింది. 1985లో మండలాలు వచ్చాక మా బౌరంపేట్ కుత్బుల్లాపూర్ మండలంలో ఉండేది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణలో మేడ్చల్ జిల్లా, దుండిగల్ గండిమైసమ్మ మండలం అయింది. పొలాల మీదుగా ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. మా ఇల్లు మాత్రం అంగుళం కదల్లేదు. దాని మీద రాసే పేర్లే మారుతూ వచ్చాయి.

కంప్యూటరు ప్రోగ్రామ్ రాసేవాడు "బౌరంపేట్ అంటే రంగారెడ్డి జిల్లా" అని ప్రోగ్రామ్ లోపలే రాసిపెట్టాడనుకోండి. 2016లో ఆ మాట ఎక్కడెక్కడ ఉందో వెతికి, ప్రతిచోటా దిద్ది, మొత్తం మళ్ళీ పరీక్షించుకోవాలి. అట్లా కాక ఊళ్ళు, మండలాలు, జిల్లాలు ఒక పట్టికలో విడిగా ఉంచి, "జిల్లా పేరు కావలసినప్పుడు ఆ పట్టిక చూడు" అని రాసి ఉంటే పట్టికలో ఒక వరుస మారిస్తే సరిపోతుంది. మారేదాన్ని మారనిదాని నుంచి విడదీసి పెట్టడాన్నే వాళ్ళు కాన్ఫిగరేషన్ అంటారు. ప్రోగ్రామ్ నడుస్తుండగానే, ఆపకుండా ఆ పట్టికను మార్చగలిగితే డైనమిక్ కాన్ఫిగరేషన్.

ఫీచర్ ఫ్లాగ్ అనేది ఆ పట్టికలోనే ఒక గడి. అందులో "అవును" లేదా "కాదు" అని ఉంటుంది. కొత్త పద్ధతి, పాత పద్ధతి రెండూ ప్రోగ్రామ్‌లో ఉంటాయి. ఏది నడవాలో ఆ గడి చెబుతుంది. రైలు గార్డు చేతిలోని జెండా వంటిది. ఇంజను అదే, పట్టాలు అవే. పచ్చజెండా ఊపితే బండి కదులుతుంది, ఎర్రజెండా చూపితే ఆగుతుంది.

మరి ఇదంతా క్లౌడ్‌కు ఎందుకు కావలసివచ్చింది? క్లౌడ్ అంటే మబ్బుల్లో ఉండేదేమీ కాదు. పెద్ద పెద్ద షెడ్లలో వరుసలుగా నిలబెట్టిన కంప్యూటర్లే. అమెజాన్ వెబ్ సర్వీసెస్ వారు 2022 నవంబరులో మన హైదరాబాద్‌లోనే అటువంటి కేంద్ర సముదాయం ప్రారంభించారు. ఒకే ప్రోగ్రామ్ వందల వేల కంప్యూటర్ల మీద రాత్రింబవళ్ళు నడుస్తూ ఉంటుంది. మన కార్యాలయానికి ఆదివారం ఉండేది, దానికి లేదు. అందుకే నడుస్తున్న బండికి తగిలించిన స్విచ్చి అవసరమైంది.

ఒక్క అంకె కథ

ఈ పట్టికలో ఒక్క అంకె మారితే ఏమవుతుందో మన తరం వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. 58 అనే అంకెను గుర్తు చేసుకోండి.

1983 జనవరిలో ఎన్.టి.రామారావు గారి ప్రభుత్వం వచ్చింది. ఫిబ్రవరిలో పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించారు. అప్పటికే 55 దాటినవారందరూ ఫిబ్రవరి 28న ఒకేసారి దిగిపోవలసివచ్చింది. నేను అప్పుడు ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో జూనియర్ గుమాస్తాను. బీరువాలోని సర్వీసు రిజిస్టర్లన్నీ కిందికి దించి, పుట్టిన తేదీలు చూసి జాబితా రాశాం. అందులో నాకు నోటు రాయడం నేర్పిన మా సూపరింటెండెంట్ గారి పేరు కూడా ఉంది. ఆయన పేరు నా చేతితోనే రాశాను. ఆయన దాన్ని చదివి, ఒక అక్షరం దిద్ది, సంతకం చేసి పైకి పంపారు.

1984లో మళ్ళీ 58 అయింది. మరి మధ్యలో దిగిపోయినవారి సంగతి? ఆ పేచీ సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆ మధ్యకాలంలో దిగిపోయినవారిని వేరుగా చూడరాదని 1985లో తీర్పు వచ్చింది. రాష్ట్రాలు వేరుపడిన 2014లో ఆంధ్రప్రదేశ్‌లో ఈ అంకె 60 అయింది, 2022లో 62 అయింది. తెలంగాణలో 2021లో 61 అయింది.

ఇందులో గమనించవలసిన సంగతి ఒకటుంది. అంకె మార్చడం ఒక్క గీత పని. కాని ఏ తేదీ నుంచి, ఎవరికి, ముందే బయటపడినవారికి ఏమిటి అనే మూడు ప్రశ్నలకు జవాబు లేకుండా మారిస్తే మనుషుల బతుకులు మధ్యలో చిక్కుకొంటాయి. ఈ మాట చెబితే మనవరాలు నోట్‌బుక్ తీసి రాసుకొంది. దాని ఆఫీసులోనూ స్విచ్చి మార్చేటప్పుడు సగం లావాదేవీ పూర్తయినవారిని ఏం చేయాలన్నదే పెద్ద తలనొప్పి అట.

కొంచెం కొంచెంగా తెరవడం

కొత్త పద్ధతిని అందరికీ ఒకేసారి తెరవకుండా ముందు నూటికి ఒకరికి, తర్వాత పదిమందికి, తర్వాత సగంమందికి తెరుస్తారు. ఎవరికి కొత్తది, ఎవరికి పాతది అన్నది వాడకందారు నంబరును బట్టి లెక్కకట్టి నిర్ణయిస్తారు. నిన్న కొత్తది చూసినవాడికి ఇవాళ పాతది కనబడి తికమక కాకుండా అదొక ఏర్పాటు. 2008లో ఫేస్‌బుక్ వారు చాట్ సౌకర్యం పెట్టేటప్పుడు ఇంకో ఉపాయం చేశారు. వాడేవారి తెరమీద ఏమీ కనబడకుండానే వెనుక నుంచి సందేశాల రాకపోకలు నడిపి, తమ యంత్రాలు ఆ బరువు మోయగలవా లేదా అని ముందుగా చూసుకొన్నారు. 2009లో ఫ్లికర్ అనే ఫోటోల సంస్థవారు తాము ఈ స్విచ్చిలను ఎట్లా వాడుతున్నదీ రాసి ప్రకటించారు. ఆ తర్వాత ఈ పద్ధతి అంతటా పాకింది.

మనకు ఇదీ కొత్త కాదు. 1999 డిసెంబరులో జంటనగరాల బిల్లులన్నీ ఒకేచోట కట్టించుకొనే ట్విన్స్ పథకాన్ని బంజారాహిల్స్‌లో ఒక్క కేంద్రంతో మొదలుపెట్టారు. అది నిలదొక్కుకొన్నాకనే 2001 ఆగస్టులో ఈ-సేవగా విస్తరించారు. నిన్నగాక మొన్న 2025 ఏప్రిల్‌లో భూభారతి చట్టం అమలులోనూ మొదట నాలుగు మండలాలను ప్రయోగంగా తీసుకొని, తర్వాత మిగతా వాటికి వెళ్ళారు. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తాం గాని కుండంతా పిసకం కదా.

పట్టి చూడకపోతే ఏమవుతుందో 2024 జులై 19న శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్ళినవారికి తెలుసు. క్రౌడ్‌స్ట్రైక్ అనే రక్షణ సాఫ్ట్‌వేర్ సంస్థ ప్రపంచమంతటికీ ఒకేసారి ఒక దస్త్రం పంపింది. అది కొత్త ప్రోగ్రామ్ కాదు, ఏమేమి గమనించాలో చెప్పే వివరాల దస్త్రం మాత్రమే. అందులో తప్పు దొర్లి, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు నీలితెర వేసుకొని కూర్చున్నాయి. హైదరాబాద్ నుంచి బయలుదేరేవారికి బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. ఆ ఫోటో పత్రికల్లో చూసి, మన చేతిరాతకు ఇంకా గిరాకీ ఉందని నవ్వుకొన్నాను. వివరాల దస్త్రమే కదా అని తేలికగా తీసుకోవడం ఎంత ప్రమాదమో ఆ రోజు తెలిసివచ్చింది. ఆ తర్వాత అటువంటి దస్త్రాలను కూడా విడతలు విడతలుగా పంపుతామని ఆ సంస్థ ప్రకటించింది.

2025 జూన్ 12న గూగుల్ క్లౌడ్‌లో ఇందుకు చుట్టమైన ఇబ్బందే వచ్చింది. కొన్ని రోజుల ముందు చేర్చిన ఒక కొత్త భాగానికి స్విచ్చి పెట్టలేదు. ఆనాడు పట్టికలోకి ఖాళీ గడులున్న ఒక వరుస వచ్చి చేరింది. ఖాళీ గడి ఎదురైతే ఏం చేయాలో ఆ భాగానికి తెలియదు, దాంతో కుప్పకూలింది. క్షణాల్లో అది అన్ని దేశాలకూ పాకింది. మనం స్టేట్‌మెంటులో గడి ఖాళీగా వదిలితే పై అధికారి తిప్పి పంపేవారు. ఏమీ లేకపోతే "నిల్" అని రాయాలి గాని ఖాళీగా వదలరాదు. ఆ పాఠం మనకు ఉద్యోగంలో చేరిన మొదటివారంలోనే నేర్పారు.

తీయని స్విచ్చి

ఇక అసలు సంగతికి వస్తాను.

స్విచ్చి వేయడం తేలిక. అందరికీ కొత్తది నడుస్తున్నాక, అవసరం తీరిపోయిన స్విచ్చిని తీసిపారేయడమే ఎవరూ చేయని పని. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థకు అదే గండమైంది. వారి ప్రోగ్రామ్‌లో 2003లో వాడటం మానేసిన ఒక పాత భాగం తీయకుండా అట్లాగే ఉండిపోయింది. కొత్త పనికోసం కొత్త స్విచ్చి పెట్టక, ఆ పాతదాని స్విచ్చినే మళ్ళీ వాడుకొన్నారు. ఎనిమిది కంప్యూటర్లలో ఏడింటికి కొత్త ప్రోగ్రామ్ ఎక్కించారు, ఒకటి మరిచిపోయారు. పొద్దున మార్కెట్ తెరవగానే ఆ ఎనిమిదో కంప్యూటరులో తొమ్మిదేళ్ళుగా నిద్రపోతున్న పాత భాగం లేచి కూర్చుంది. ఆపడానికి ప్రయత్నిస్తూ, బాగున్న ఏడింటి నుంచి కొత్త ప్రోగ్రామ్ తీసేశారు. దాంతో అవి కూడా పాతదారి పట్టాయి. 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది. మరుసటి ఏడాది ఆ సంస్థ ఇంకొకదానిలో కలిసిపోయింది. మార్కెట్ తెరవకముందే యంత్రం తనంతట తాను 97 ఈ-మెయిళ్ళు పంపిందట. తపాలా వచ్చింది, ఎవరూ విప్పలేదు.

ఆ కథ విని మనవరాలు నవ్వుతుందనుకొంటే, "మా దగ్గర కూడా నేను చేరకముందటి ఫ్లాగులు ఉన్నయి తాతా. ఎవరు పెట్టిన్రో తెల్వదు. తీస్తే ఏమైతదోనని ఎవరూ ముట్టుకోరు" అంది.

నేను నవ్వలేకపోయాను. ఎందుకో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాను.

1990ల మొదట్లో నేను ఒక కార్యాలయంలో పెన్షన్ కాగితాలు చూసే సీటులో ఉన్నాను. మా అటెండరు రిటైరయ్యాడు. సైకిల్ అడ్వాన్సు వాయిదాలు రెండు కట్టలేదేమోనని అనుమానం వచ్చి, రిజిస్టరులో ఆయన పేరున్న పేజీకి "గ్రాట్యుటీ నిలుపుదల" అని ఒక చీటీ గుండుసూదితో గుచ్చాను. వారంలోపే పాత బిల్లులు తీసి చూస్తే రెండు వాయిదాలూ కట్టినట్టే తేలింది. బాకీ లేదని ఫైలులో నోటు రాశాను. రిజిస్టరులోని చీటీ తీయడం మరిచిపోయాను. నెల తిరగకుండా నన్ను వేరే సెక్షన్‌కు మార్చారు.

నా తర్వాత వచ్చినవారు చీటీ చూశారు. దాని మీద తేదీ లేదు, కారణం లేదు, సంతకం లేదు. ఎవరో ఏదో కారణంతోనే పెట్టి ఉంటారు, మనకెందుకని ఊరుకొన్నారు. ఆయన ప్రతి నెలా వచ్చి వరండాలో బెంచీమీద కూర్చొనేవాడు. నేను అటుగా వెళ్తూ, "ఏమైంది? ఇంకా రాలేదా?" అని అడిగేవాణ్ణి. "పైనుంచి రాలేదట సారూ" అనేవాడు. అట్లా పదకొండు నెలలు గడిచాయి. ఆ మధ్యలోనే కూతురి పెళ్ళికి నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు.

చివరకు ఆడిట్ సమయంలో ఆ రిజిస్టరు నా ముందుకు వచ్చింది. చీటీ మీది చేతిరాత నాది. అప్పటికప్పుడు పీకి జేబులో వేసుకొని, ఆ సాయంత్రమే ఫైలు కదిలించాను. డబ్బు అందిన రోజున ఆయన మిఠాయి పొట్లం పట్టుకొని నా బల్ల దగ్గరకే వచ్చాడు. "మీరు పట్టుకొని చేసిన్రు సారూ, లేకుంటే అయ్యేది కాదు" అన్నాడు. పొట్లం తీసుకొన్నాను. నిజం చెప్పలేదు. ఆయన ఇప్పుడు లేడు. ఆ అప్పు వడ్డీ ఎంతయిందో అడిగే ధైర్యం కూడా నాకు ఎన్నడూ చాలలేదు.

అప్పటినుంచి రిటైరయ్యేదాకా నేను పెట్టిన ప్రతి చీటీ మీద నాలుగు సంగతులు రాశాను. ఎవరు పెట్టారు, ఏ ఫైలు నంబరు ప్రకారం, ఎందుకు, ఏ తేదీకి మళ్ళీ చూడాలి. ప్రతి నెలా మొదటి సోమవారం చీటీలన్నీ ఒకసారి తిరగేసేవాణ్ణి. ఇది నా గొప్ప కాదు. ఆ మిఠాయి పొట్లం నేర్పిన పాఠం.

మనవరాలికి ఇదంతా చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. సెలవు అయిపోయి వెళ్ళిన పదిహేను రోజులకు ఫోన్ చేసింది. తన జట్టులోని ఫ్లాగులన్నిటికీ జాబితా రాయించిందట. పెట్టినవారి పేరు, తీసే తేదీ లేకుండా కొత్తది ఏదీ పెట్టరాదని నియమం చేసుకొన్నారట. పాతవి కొన్ని ఒక్కొక్కటిగా పరీక్షించి తీసేశారట. "నీ అటెండరు తాత కథ చెప్పిన మా వాళ్ళకు" అంది.

మిత్రులారా, మనకూ మెడలో ఒక స్విచ్చి ఉంది. అదే లైఫ్ సర్టిఫికెట్. ఏటా మనం బతికే ఉన్నామని చెప్పకపోతే పెన్షన్ ఆగిపోతుంది. 2014 నవంబరులో కేంద్రం జీవన్ ప్రమాణ్ తెచ్చాక చాలామందికి ఇంటినుంచే ఇచ్చే వీలు కలిగింది. ఈ ఏర్పాటులో గడువు తేదీ ముందే ఉంది, అది మంచిదే. కాని సమాచారం అందనప్పుడు స్విచ్చి ఎటు వాలాలి? ఖజానా వైపా, మనిషి వైపా? మంచం మీద ఉండి, వేలిముద్రలు అరిగిపోయిన పెద్దమనిషి "లేడు" అనే గడిలో పడిపోతే ఆయన తరఫున వెళ్ళి చెప్పేదెవరు? యంత్రం ఏ గడిని బట్టి నడవాలో నిర్ణయించేది ఎప్పుడూ మనిషే. ఆ నిర్ణయం కింద ఒక పేరు, ఒక తేదీ ఉండాలి.

అందువల్ల నా విన్నపం ఒక్కటే. ఈసారి మన సంఘం తరఫున, ఇల్లు కదలలేని సభ్యుల జాబితా ఒకటి రాద్దాం. ఎవరి ఇంటికి ఎవరు వెళ్ళి సర్టిఫికెట్ పని పూర్తిచేయించాలో పేరు, తేదీ వేసి రాసుకొందాం. బౌరంపేట్, బహదూర్‌పల్లి, గండిమైసమ్మ వైపు ఉన్నవారి బాధ్యత నాకు ఇవ్వండి. జాబితాలో వారి పేర్ల పక్కన నా సంతకం పెడతాను.

ఇట్లు,
మీ తోటి విశ్రాంత గుమాస్తా,
బౌరంపేట్.